గజ్జికి ఐజీఈ టెస్ట్ దేనికండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంట్లో నలుగురికీ వరసపెట్టి గజ్జి వచ్చి తగ్గింది, దాచకుండానే చెప్తున్నా, సిగ్గుపడి దాచుకునే చాలామంది దీన్ని ముదరబెట్టుకుంటారు. ముందు మా అబ్బాయికి మొదలైంది, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, రాత్రయితే ఒకటే గోకుడు. ఎవరో అలర్జీ అన్నారని ఒక ల్యాబ్‌లో ఐజీఈ టెస్ట్ (అలర్జీ ఉందేమో చూడ్డానికి చేసే రక్తపరీక్ష) చేయించాం, బాగా ఎక్కువొచ్చింది, ఇంకేముంది అలర్జీయే అని స్టెరాయిడ్ క్రీమ్ రాశాం. దురద తగ్గినట్టే తగ్గి ఒళ్లంతా పాకింది, ఆనక మాకూ అంటుకుంది.

చర్మం డాక్టర్ గారు చూడగానే గజ్జి అనేశారు. ఐజీఈ అనే యాంటీబాడీ, అంటే బయటి నుంచి వచ్చినవాటి మీద పోరాడ్డానికి మన ఒళ్లు తయారుచేసుకునే పదార్థం, గజ్జిలో పెరగొచ్చు, కానీ కడుపులో పురుగులున్నా పెరుగుతుంది, దుమ్ము పడకపోయినా పెరుగుతుంది. పైగా దుమ్ములో ఉండే పురుగూ గజ్జి పురుగూ దగ్గర చుట్టాలట, ఒకదాని కోసం తయారైన యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టుకుంటుంది. మరి ఆ నంబర్ చూసి ఏది ఉందో ఎలా చెప్తాం? గజ్జిని ఖాయంగా తేల్చే బ్లడ్ టెస్ట్ ఇప్పటికీ లేదు, చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడాలి, లేదా డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దది చేసి చూపించే పరికరం) చూడాలి, అంతే.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇంకోటుంది. ఆ దురద చాలావరకు పురుగు కుట్టడం వల్ల కాదు, పురుగు మీద, దాని గుడ్ల మీద, రెట్ట మీద మన ఒళ్లు చూపించే కోపం అది. మొదటిసారి సోకితే ఆ కోపం రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, రెండోసారి సోకితే 1 నుంచి 4 రోజుల్లోనే దురద మొదలు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఇంగ్లండులో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త వాలంటీర్లకి కావాలని గజ్జి అంటించి మరీ చూశాడు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరనుకోండి), రెండోసారి పురుగు అంత తేలిగ్గా నిలదొక్కుకోలేదట. అలాగని యాంటీబాడీలుంటే భయం లేదనుకోకండి. మామూలు గజ్జిలో ఒంటి మీద పురుగులు 10, 15 మించవు, అదే రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లకి వచ్చే పెచ్చులు కట్టే గజ్జిలో వేలూ లక్షలూ ఉంటాయి, వాళ్ల రక్తంలోనేమో ఐజీఈ, ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ రెండూ విపరీతంగా ఉంటాయి, అన్ని ఉండీ ఆ పురుగుల్ని ఆపలేవు.

ఇంకో మాట, మందు పడ్డాక కూడా 2 నుంచి 4 వారాలు దురద ఉండొచ్చు, చచ్చిన పురుగులు చర్మంలోనే ఉంటాయి కదా. అది తెలీక మా ఆవిడ గజ్జి మందైన పెర్మెత్రిన్ క్రీమ్ రోజూ రాసుకుని చర్మం మండించుకుంది.

మీ ఆరోగ్యం పేజీలో గజ్జి గురించి ఎప్పుడు వేసినా శుభ్రంగా ఉండండి అనే రాస్తారు, మేం శుభ్రంగానే ఉన్నామండీ. ఈసారి వేసేటప్పుడు దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకేరోజు రాత్రి మందు రాసుకోవాలని, డాక్టర్ చెప్పినట్టు వారం తర్వాత మళ్లీ రాసుకోవాలని పెద్దక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు