అక్కడ 38 సమావేశాలు, ఇక్కడ ఒక్కరోజు యోగా

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో మతిమరుపు జబ్బు రాకుండా ఏం చేయాలో పేజీ నిండా వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను. కంటికి ఆపరేషన్ అయి చుక్కల మందు వేసుకుంటూ ఉండడంతో ఆలస్యమైంది. (మర్చిపోయి కాదు. ఆ జోకు మా ఇంట్లో ఇప్పటికే వేసేశారు.)

పేజీ చూడ్డానికి బాగుంది. మంచులో నడుస్తున్న తెల్లజుట్టు దంపతులు, పక్కనే బ్లూబెర్రీలు, ఆలివ్ నూనె, సాల్మన్ చేప. మా విశాఖ కంచరపాలెం రైతుబజారులో బ్లూబెర్రీలు అడిగితే పళ్ళమ్మే ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, నేరేడు పళ్ళ సీజన్ కూడా అయిపోయిందని చెప్పింది. ఫిషింగ్ హార్బరున్న ఊళ్ళో కూర్చుని సాల్మన్ తినమని రాసినవారికి కవళ్ళు, కానాగంతలు గుర్తుకే రాలేదు. సరే, అది వదిలేద్దాం.

నాకు ఒళ్ళు మండింది వేరే దానికి. ఈ జబ్బు మీద ఫిన్లాండ్‌లో చేసిన 'ఫింగర్' అనే అధ్యయనం సంగతి సగమే చెప్పి ఆపేశారు. ఆ అధ్యయనంలో 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మంది. అందులో సగం మందికి రెండేళ్ళపాటు ఫిజియోథెరపిస్టులే దగ్గరుండి వ్యాయామం చేయించారు. ఏం తినాలో నిపుణులు కూర్చోబెట్టి చెప్పారు. మెదడుకి పని పెట్టే శిక్షణ ఇచ్చారు. బీపీ, షుగరు, కొవ్వు క్రమం తప్పకుండా చూశారు. మిగతా సగం మందికి మామూలు ఆరోగ్య సలహాలే. 2015లో ఫలితాలు వచ్చేసరికి మొదటివాళ్ళే ఆలోచనా శక్తి పరీక్షల్లో ముందున్నారు. తర్వాత చైనా, జపాన్, సింగపూర్, ఆస్ట్రేలియా ఎవరి తిండికి, ఎవరి అలవాట్లకి తగ్గట్టు వాళ్ళు అదే పద్ధతి పట్టుకున్నారు. అమెరికాలో 2,111 మందితో చేసిన 'పాయింటర్' ఫలితాలు 2025 జూలైలో వచ్చాయి. అక్కడ ఒక గుంపుని రెండేళ్ళలో ఆరుసార్లు కలిపి, మీకు వీలైనట్టు మీరే చేసుకోండని వదిలేశారు. రెండో గుంపుని 38 సార్లు కూర్చోబెట్టి, వెంటపడి చేయించారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి, కానీ వెంటపడి చేయించిన వాళ్ళు ఎక్కువ మెరుగయ్యారు.

ఇంత ఉంటే మీరేమో చివర్లో 'అంతా మీ చేతుల్లోనే ఉంది' అని తేల్చేశారు. మా చేతుల్లోనే ఉంటే 38 సార్లు ఎందుకు పిలిచారండీ వాళ్ళని?

రోజూ నడవమన్నారు. ఎక్కడ? మా వీధిలో ఫుట్‌పాత్ మీద ముందు బజ్జీల బండి, తర్వాత వరసగా బైకులు, ఆ తర్వాత కేబుల్ కోసం తవ్వి పూడ్చని గొయ్యి. టైల్స్ వేసిన నెలకే తవ్వారు. కింద పడి తలకి దెబ్బ తగిలితే అదీ ఈ జబ్బుకి ఒక కారణమేనట! బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్ళు ఆపి నడిచేవాళ్ళకి వదులుతారు, అది మంచి పనే. కానీ అక్కడ నడవడానికి మేము ఆటో ఎక్కి వెళ్ళాలి.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా యోగా చేశాం. ప్రధాని వచ్చారు. గిన్నిస్ రికార్డు. నేనూ వెళ్ళాను, గర్వంగానే ఉంది, కాదనను. మర్నాడు మా పేటలో ఒక్కరు ఆసనం వేశారేమో చెప్పమనండి. అప్పుడిచ్చిన చాప మీద మా మనవడు పడుకుంటున్నాడు.

ఇక మీ పేజీ మొత్తంలో 'చెవి' అన్న మాట లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ఈ జబ్బుకి 14 కారణాలు లెక్కగట్టింది. అన్నీ పోగొట్టగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా కేసులు తప్పించవచ్చో, వెనక్కి నెట్టవచ్చో అని దాని అంచనా. చిన్నప్పటి చదువు కూడా ఆ లెక్కలోదే. దాన్ని మీరు 'సగం మందికి జబ్బు రాదు' అని శీర్షిక పెట్టేశారు. ఇదివరకు పత్రికల్లో ఇలాంటివి దిద్దడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ 45లో కదలకుండా కూర్చోవడం వాటా 2 శాతం, వినికిడి తగ్గడం వాటా 7. ఒంటరితనానికి 5, గాలి కాలుష్యానికి 3. మా కిటికీ చువ్వల మీద వేలు పెట్టి గీస్తే నల్లగా వచ్చే పొడి ఎక్కడిదో ఊరందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

మా అన్నయ్య 32 ఏళ్ళు ఇనప రేకుల మీద సుత్తులు మోగే చోట పని చేశాడు. రిటైరయ్యాక టీ కొట్టు దగ్గర మిగతావాళ్ళ మాటలు సరిగ్గా వినపడక ఊరికే నవ్వేవాడు. చెవిటి మేళం అన్నారు. కొన్నాళ్ళకి వెళ్ళడమే మానేశాడు. ఇప్పుడు షిఫ్టు బస్సు వచ్చిందా అని వదినని రోజుకి నాలుగుసార్లు అడుగుతాడు. చెవి వల్లే ఇలా అయిందని నేననను, డాక్టరూ అనలేదు. కానీ పదేళ్ళ ముందే చెవి మిషన్ పెట్టించి ఉంటే టీ కొట్టు మానేవాడు కాదేమో. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు చెవులకీ కలిపి చెప్పిన ధర అన్నయ్యకి వినపడకపోవడమే మంచిదైంది. ఒక ఉచిత శిబిరంలో ఇచ్చిన మిషన్ కుయ్యిమంటోంది. సర్దించుకుందామంటే ఆ శిబిరం మళ్ళీ రాలేదు.

దేశంలో అరవై దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా ఈ జబ్బుందని, మొత్తం 88 లక్షల మందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా. వీళ్ళలో ఆలివ్ నూనె కొనేవాళ్ళు ఎందరుంటారు?

మా పేటలో ఒక కమ్యూనిటీ హాలుంది. రెండు ఫ్యాన్లు, ఒక అరుగు. ఎన్నికలప్పుడు తెరుస్తారు. నెలకి రెండుసార్లు తెరిచి, బీపీ, షుగరు, చెవి చూసే మనిషిని ఒకరిని పంపమని నాలుగు అర్జీలు పెట్టాను. నాలుగింటికీ రసీదులు ఉన్నాయి. తాళం వేరే విభాగం దగ్గరుందని ఒకరు, ఆ విభాగం ఇప్పుడు లేదని మరొకరు అంటున్నారు. మీ విలేకరిని ఒకసారి పంపి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.

ఒక విశ్రాంత ఉద్యోగి,
కంచరపాలెం, విశాఖపట్నం