శనివారం పిల్లల్ని కూడా తీసుకురండి

మత్తు మానుతున్న అక్కలూ, చెల్లెళ్లూ, ఈ శనివారం పర్లాకిమిడిలో మామూలు చోటే కలుద్దాం, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలా అనే టెన్షన్ వద్దు, వెంట తెచ్చేయండి. మత్తు మానిన కొత్తలో నిద్ర పట్టదు, బిడ్డ ఏడుపు వింటే తల పగిలిపోతుంది, అంతమాత్రాన మీరు చెడ్డ తల్లులు కారు, ఒళ్లింకా కుదుటపడలేదంతే. అప్పుడు బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడండి. పాలిస్తున్నవాళ్లు, ఇంట్లో ఎవరేమన్నా సరే, మత్తు మానడానికి డాక్టర్ ఇచ్చే బుప్రెనార్ఫిన్ మందును మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌ని అడగండి. మాత్రలకు తాళం వేయండి, చంటిపిల్లలు ఒక్కటి మింగినా ప్రాణం మీదికొస్తుంది! అర్ధరాత్రి మనసు మళ్లీ మత్తు వైపు లాగితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. ఎందరు పిల్లలొస్తారో చెప్పండి, ఉప్మా చేయించాలి.