ట్విన్ రివర్బ్ అని పేరుంటే చాలదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పాత వాల్వు (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో పనిచేసే) గిటార్ యాంప్‌ల మీద వచ్చిన వ్యాసం చూసి సంతోషించాను, మన విశాఖలో బ్యాండ్లు ఇన్ని ఉన్నా ఇలాంటి విషయాలు రాసేవాళ్లు తక్కువ. కానీ అమెరికా కంపెనీ ఫెండర్ తయారుచేసిన ట్విన్ రివర్బ్ యాంప్ గురించి రాసినచోట ఏ ఏడాదిదైనా పాతదైతే చాలు, అదే సౌండ్ వస్తుందన్నట్టు తేల్చేశారు. అది నిజం కాదు. ఆ మాట నమ్మి మన కుర్రాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు.

ఈ యాంప్ 1963లో వచ్చింది. నల్ల ప్యానెల్, నాలుగు 6ఎల్6 పవర్ వాల్వులు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, 85 వాట్లు. 1965 జనవరిలో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ని కొనేసింది. కొన్న మర్నాడే అంతా పాడైపోయిందని కొందరంటారు గానీ 1966 యాంప్ లోపల కూడా ఉండేది మొదటి నుంచీ ఉన్న ఏబీ763 అనే పాత సర్క్యూటే. మార్పు కనిపించేది వెండి రంగు ప్యానెల్ వచ్చిన 1968 మోడల్లో. అప్పుడు పవర్ వాల్వుల బయాస్ (సిగ్నల్ లేనప్పుడు వాటిలో ఎంత కరెంటు పారాలన్నది) సరిచేసే కంట్రోల్ తీసేసి, రెండు వైపుల వాల్వుల మధ్య బ్యాలెన్స్ మాత్రమే చూసే కంట్రోల్ పెట్టారు, పైగా ఆసిలేషన్ (యాంప్ దానంతటదే ఊళపెట్టడం) రాకుండా వాల్వులకి సిగ్నల్ వెళ్లే గ్రిడ్‌ల దగ్గర చిన్న కండెన్సర్లు వేశారు. 1972 కల్లా మొత్తం శబ్దాన్ని ఒక్కచోట పెంచి తగ్గించే మాస్టర్ వాల్యూమ్ వచ్చింది, వాట్లు 100 అయ్యాయి. 1977 ప్రాంతంలో ఏకంగా 135 వాట్లు! దానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే వేరు, వాల్వుల్లోని స్క్రీన్ గ్రిడ్‌లు అనే భాగాలకు సప్లై ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్యలో తీసిన ట్యాపుల నుంచే వెళ్తుంది, అందుకే ఎంత పెంచినా సౌండ్ పగలదు. ఆర్కెస్ట్రాలో కీబోర్డుకి అది బాగుంటుంది. వాల్యూమ్ పెంచితే గిటార్ కాస్త గరగరలాడాలి అనుకునేవాడు మాత్రం దాన్ని కొని ఏడుస్తాడు.

ఈమధ్య గాజువాక వైపు నుంచి చర్చిలో వాయించే ఒక కుర్రాడు నా దగ్గరికి ఒక ట్విన్ పట్టుకొచ్చాడు. అమ్మినాయన 1965 మోడల్ అని చెప్పి ఆ రేటే తీసుకున్నాడట. 65 ట్విన్ రివర్బ్ అన్నది 1990ల మొదట్లో ఫెండర్ మళ్లీ మొదలుపెట్టిన రీఇష్యూ పేరు. ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) దించి చూస్తే లోపల ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. అసలు 1965 దాంట్లో నల్లటి ఫైబర్ బోర్డు, ఇత్తడి ఐలెట్లు (బోర్డు కన్నాలకు బిగించిన చిన్న రింగులు), వాటిలో చేత్తో సోల్డర్ చేసిన నీలం రంగు కండెన్సర్లు, గుడ్డ చుట్టిన వైర్లు ఉంటాయి, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. రీఇష్యూ చెడ్డదని నేననను, శుభ్రంగా మోగుతుంది, కానీ దానికి పాతదాని రేటు తీసుకోవడం మోసమే. 2019 నుంచి టోన్ మాస్టర్ అని ఇంకోటి వస్తోంది, ముందు నుంచి చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది, అందులో అసలు వాల్వులే లేవు, అంతా డిజిటల్. ఎత్తి చూస్తే తెలిసిపోతుంది, వాల్వులది 29 కిలోలైతే అది 15.

కొనేముందు ప్లగ్ తీసి వెనక చెక్క విప్పించి చూడండి. డబ్బా లోపలి గోడకి వాల్వుల పట్టిక కాగితం అంటించి ఉంటుంది, 1960ల వాటికి దాని మీద రెండు ఇంగ్లిషు అక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది ఏడాది, రెండోది నెల. ఎన్ అయితే 1964, ఓ 1965, పి 1966, క్యూ 1967. నెలకి ఏ జనవరి, బి ఫిబ్రవరి అలా లెక్క, అంటే పిహెచ్ అని ఉంటే 1966 ఆగస్టు. కాగితం కొత్తది కూడా అంటించొచ్చు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు కూడా కలిపి చూడాలి. 606632 అని ఉంటే 606 తయారీదారు కోడ్, తర్వాతి 6 ఏడాది చివరి అంకె, 32 వారం. రెండూ దగ్గర దగ్గరగా కలవాలి. ఛాసిస్ మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 450 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు, అది మెకానిక్ పని.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకో తలనొప్పి ఉంది. ఆ ఫైబర్ బోర్డు తేమ పీల్చుకుంటుంది, పీల్చుకున్న బోర్డులో కరెంటు లీకై చిటపటలు మొదలవుతాయి. బీచ్ రోడ్డు గాలికి పెట్టి, వాల్వులు మార్చినా శబ్దం పోవడం లేదని వస్తారు. తప్పు వాల్వులది కాదు, బోర్డుది. అమెరికా నుంచి తెచ్చినవైతే 120 వోల్టుల కరెంటుకే తయారైనవి, స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెడితే యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అసలు రెండు పిన్నుల వైరుతో వచ్చినవైతే మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఒక కండెన్సర్ ఉంటుంది, అది షార్ట్ అయితే గిటార్ తీగల దాకా కరెంటు వస్తుంది. దాన్ని తీయించి మూడు పిన్నుల వైరు, సరైన ఎర్త్ వేయించనిదే స్టేజీ ఎక్కొద్దు.

నన్నడిగితే డబ్బు తక్కువున్న కుర్రాళ్లు 1968 నుంచి మాస్టర్ వాల్యూమ్ రాకముందు వరకు తయారైన వెండి ప్యానెల్ ట్విన్ వెతుక్కోవాలి. నల్లదానికంటే చవగ్గా దొరుకుతుంది, తెలిసిన మెకానిక్ చేతిలో పడితే ఏబీ763 సర్క్యూట్‌కి తిరిగి మార్చుకోవచ్చు కూడా.

చోటు లేక ఉత్తరం తగ్గించాల్సి వస్తే పైన ఏదైనా తీసేయండి గానీ ఆ అక్షరాలు, నంబర్ల పేరా, షాక్ సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక యాంప్లిఫయర్ మెకానిక్,
సీతమ్మధార, విశాఖపట్నం