జవాన్ల ఉత్తరాలు పాత పేపర్లలోకి పోనివ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా విజయ్ దివస్‌కి ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటో, 93 వేల మంది లొంగిపోయిన సంగతి వేస్తారు. వేయాల్సిందే. కానీ ఆ రోజుల్లో బంకర్లలో ఉన్న కుర్రాళ్ల మనసుల్లో ఏముందో ఏ పేపర్లోనూ కనబడదు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో నేను జమ్మూ సరిహద్దులోని ఛంబ్ సెక్టార్లో సిగ్నల్స్ జవానుని.

ఆ వైశాఖంలో మా మేనమామ కూతురికీ నాకూ తాంబూలాలు పుచ్చుకున్నారు. మాఘంలో ముహూర్తం అనుకున్నారు. దసరా అయ్యాక సెలవులు రద్దు చేసి మమ్మల్ని బోర్డరుకు పంపారు. ఫీల్డులో స్టాంపు అక్కర్లేని ఫోర్సెస్ లెటర్లు ఇచ్చేవారు. అడ్రసు 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. ఊరి పేరు, నది పేరు రాయకూడదు. ఉత్తరం అంటించకుండా ఇస్తే తెలుగు వచ్చిన సుబేదారు గారు చదివి పంపేవారు. ఇక్కడ మామయ్య అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించేవాడు.

ఇంతమంది మధ్య కాబోయే పెళ్లాంతో ఏం చెప్పుకోను? ‘దూడ మేత తింటోందా, రాత్రిళ్లు బెంగపడుతోందా?’ అని రాసేవాణ్ణి. మామయ్య చెబుతుంటే జవాబు రాసేది తనే. కింద చిన్న అక్షరాల్లో ‘దూడ మేత ముట్టడం లేదు బావా’ అని చేర్చింది. నవంబరులో రాసిన ఆ ఉత్తరం నాకు అందేసరికి ఫిరంగులు మోగుతున్నాయి, మేం మునావర్ తావి నది ఇవతలి గట్టుకు వచ్చేశాం. వెలుగు బయటికి పోకుండా దుప్పటి ముసుగేసుకుని, టార్చి పెట్టుకుని ఆ ఒక్క లైనే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

సర్వీసు కాగితాల్లో నాకు సంబంధించినవాళ్ల కింద నాన్న పేరే ఉంది. నాకేమైనా అయితే టెలిగ్రాం ఆయనకే వస్తుంది. తాంబూలాలు మాత్రమే అయిన పిల్లకు కబురు చెప్పే బాధ్యత ఏ ఆఫీసుకీ లేదు. కాలవ గట్టున నీళ్లకు వెళ్లినప్పుడు ఎవరి నోటో వింటుందేమో అన్న టెన్షన్ నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

డిసెంబరు 17 రాత్రి 8 గంటలకు కాల్పులు ఆగాయి. మా పెళ్లి ఆలస్యంగానైనా జరిగింది. నాతోపాటు టెలిఫోన్ వైర్లు లాగిన స్నేహితుడికి ఆ యోగం లేకపోయింది. అతని కోసం ఎదురుచూసిన అమ్మాయికి వేరే సంబంధం చేస్తూ పెద్దవాళ్లు ఆ ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టేశారట. ఆ పిల్లకు మిగిలినవే అవి. ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు.

మా తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఆ ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. అలాంటి ఊళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్న ఉత్తరాలు ఇల్లు మారినప్పుడల్లా పాత పేపర్లవాడి తక్కెడలోకి పోతున్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు వాటిని స్కాన్ చేసి దాచాలి. ఈ డిసెంబరులో మీరూ అర పేజీ కేటాయించండి. మావి ఇవ్వడానికి నేనూ మా ఆవిడా సిద్ధం. పేర్లు వేయాలా వద్దా అన్నది మాత్రం ఆ ఉత్తరాలు అందుకున్న ఆడవాళ్లను అడిగి తేల్చండి.

– ఒక విశ్రాంత హవల్దారు, తాడేపల్లిగూడెం