మా ఫైలు దేవాదాయ శాఖకి ఎందుకు వెళ్ళింది సార్? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇది ఏడో ఉత్తరం సార్. ముందు రాసిన ఆరూ మీ పేషీకి ముట్టినట్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, కాబట్టి అందలేదన్న మాట ఈసారికి వద్దు. ఆరింటికీ ఒకటే జవాబు, "మీ వినతి పరిశీలనలో ఉన్నది" అని. నాలుగో ఉత్తరానికైతే మూడోదానికి ఇచ్చిన జవాబునే తేదీ మార్చి పంపారు. అందుకే ఇక కవర్లో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. మర్యాద ఎక్కడైనా తగ్గితే క్షమించాలి, నా ఓపిక తగ్గింది.

రేషనలైజేషన్ జీవో గురించీ, దాని కింద మా తులనాత్మక మతాధ్యయన విభాగాన్ని (మతాలని పక్కపక్కన పెట్టి చదివేది) ఫిలాసఫీలో కలిపేసిన సంగతీ మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు ఓకే చేసిందే. కలిపినందువల్ల ఏమీ పోదు, పోస్టులు అలాగే ఉంటాయి అన్నారు. అలాగే ఉన్నాయి సార్, ఖాళీగా. రెండు పోస్టుల్లో ఒకటి మా ప్రొఫెసర్ గారు రిటైరైన రోజు ఖాళీ అయింది, రెండోది అంతకు ముందు నుంచే ఖాళీ. నేను గెస్ట్ ఫ్యాకల్టీని. గంటల లెక్కన డబ్బులు, సెలవుల్లో గంటలుండవు కాబట్టి డబ్బులూ ఉండవు. ఈ ఉత్తరం నా జీతం గురించి కాదు లెండి. (కొంచెం నా జీతం గురించి కూడా, అబద్ధమెందుకు.)

నా అసలు బాధ ఫైలు. పోస్టు భర్తీకి అనుమతి అడుగుతూ యూనివర్సిటీ పంపిన ఫైలు సెక్రటేరియట్‌లో ఎవరి బల్ల మీదో పడింది. ఆయన పైన 'విషయం' అన్నచోట 'మత' అన్న రెండక్షరాలు చూసి, ఇంకేం చదవకుండా దేవాదాయ శాఖకి పంపేశాడు. అక్కడ నాలుగు నెలలుంది. వాళ్ళు పాపం శ్రద్ధగానే చదివారు, ఇందులో గుడీ లేదు, మాన్యమూ లేదు, అర్చకుడి నియామకమూ కాదు, మా శాఖకు సంబంధం లేదు అని రాసి వెనక్కి తిప్పారు. ఈసారి ఇంకొకాయన సిలబస్ పేజీలు తిరగేశాడు. అందులో సూఫీలు, క్రైస్తవ మార్మికులు, అంటే దేవుణ్ణి నేరుగా అనుభవించామని చెప్పుకున్నవాళ్ళు, కనబడేసరికి మైనారిటీ సంక్షేమ శాఖ అభిప్రాయం కోరుదామన్నాడు. వాళ్ళు "అభ్యంతరం లేదు" అని రాశారు. దేనికి అభ్యంతరం లేదో రాయలేదు. తర్వాత ఎవరికో కొత్త సందేహం వచ్చింది, ప్రభుత్వ సొమ్ముతో మతం బోధించొచ్చా అని. ఫైలు న్యాయశాఖకి వెళ్ళింది. అక్కడే ఉంది. 1893లో చికాగోలో జరిగిన సర్వమత మహాసభ పదిహేడు రోజుల్లో ముగిసింది సార్, మా ఫైలు చేస్తున్న సర్వమత యాత్రకి ఇది మూడో ఏడు.

పొలిటికల్ సైన్స్ వాళ్ళ ఫైలుని ఏ పార్టీ ఆఫీసుకీ పంపరు కదా?

న్యాయశాఖ వాళ్ళకి శ్రమ తగ్గుతుందని నేనే రాస్తున్నాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది, నిజమే. మతబోధన అంటే ఇది నమ్ము, ఇలా మొక్కు అని నేర్పడం. మేం చేసేది, మనుషులు ఏం నమ్మారు, ఎందుకు నమ్మారు, ఆ నమ్మకంలో వాళ్ళకి ఏం అనుభవమైంది, దాన్ని ఏ మాటల్లో చెప్పుకున్నారు అని చదవడం. ఈ తేడా నేను కనిపెట్టింది కాదు, 1964-66 నాటి కొఠారి విద్యా కమిషనే ఈ రెంటినీ విడదీసి రాసింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల అధ్యయనానికి 28వ అధికరణ అడ్డు రాదంది. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన విభాగం 1967 నుంచీ నడుస్తోంది, అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే, అక్కడ రాజ్యాంగానికి ఏమీ కాలేదు. ఈ పేరా మొత్తం నా రెండో ఉత్తరంలోనూ ఉంది, నాలుగోదానిలోనూ ఉంది, ఐదోదానికి జిరాక్సులు కూడా జతచేశాను.

పోయిన ఏడాది ఒక అధికారిని కలిశాను. మంచాయనే, కూర్చోమన్నాడు, అన్నేళ్ళలో కూర్చోమన్నది ఆయనొక్కడే. అంతా విని, "మాస్టారూ, అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే కదా, దానికి మళ్ళీ ఒక డిపార్ట్‌మెంట్ ఎందుకు?" అన్నాడు. నాకు అక్కడ నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక వచ్చింది, ఏం లాభం. ఆయనకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

బాగ్దాద్‌లో హల్లాజ్ అనే సూఫీ "అనల్ హఖ్" అన్నాడు, నేనే సత్యం అని. 922లో ఆయన్ని చంపేశారు. మన బృహదారణ్యక ఉపనిషత్తులో "అహం బ్రహ్మాస్మి" ఉంది, నేనే బ్రహ్మాన్ని అని. రెండూ పక్కపక్కన పెడితే ఆ అధికారి గారి మాట నిజమే అనిపిస్తుంది, ఒక్కటే కదా అని. కాస్త దగ్గరికెళ్ళి చూడండి. హల్లాజ్‌ని సమర్థించిన సూఫీలు ఏమన్నారంటే, అక్కడ 'నేను' అన్నది హల్లాజ్ కాదు, హల్లాజ్ అనేవాడు మాయమైపోయాడు, మిగిలిన దేవుడు ఆ నోటితో పలికాడు అని. అద్వైతికి మాయమవడానికి రెండోవాడే లేడు, మొదటి నుంచీ ఉన్నది ఒక్కటే, తెలియడమే ఆలస్యం. బౌద్ధుణ్ణి అడిగితే అసలు ఆ వాక్యంలో 'నేను' ఎక్కడుందో చూపించు అంటాడు. జర్మనీలో ఎక్‌హార్ట్ అనే క్రైస్తవ సన్యాసి ఆత్మకీ దేవుడికీ మధ్య ఎడం లేదన్నట్టు ప్రసంగాలు చేస్తే, ఆయన పోయాక 1329లో పోప్ ఆయన మాటల్లో 28 ఏరి తప్పుపట్టాడు. ఇవన్నీ ఒకే అనుభవానికి వేరువేరు పేర్లా, లేక అనుభవాలే వేరా? 1960లో స్టేస్ అనే తత్వవేత్త అడుగున ఉన్నది ఒక్కటే, పైన చెప్పుకునే మాటలే వేరు అన్నాడు. 1978లో కాట్జ్ అనే ఆయన ఎదురు తిరిగాడు, మాటలూ నమ్మకాలూ లేకుండా ముడి అనుభవం అనేదే ఉండదు, యూదు మార్మికుడికి యూదు అనుభవమే అవుతుంది, బౌద్ధుడికి బౌద్ధ అనుభవమే అవుతుంది అని. 1990లో ఫోర్మన్ మళ్ళీ కాదన్నాడు, ఏ ఆలోచనా, ఏ వస్తువూ లేని ఉత్త ఎరుక ఒకటుంది, దానికి మతం రంగు ఎలా అంటుతుంది అని. ఈ తగువు ఇంకా తేలలేదు. మీ అధికారి గారు మాత్రం అరనిమిషంలో తేల్చేసి, తేలిపోయింది కాబట్టి డిపార్ట్‌మెంటే అక్కర్లేదన్నారు. ఆయన అన్నది ఒక ప్రశ్నకి జవాబు సార్, ఆ ప్రశ్న కోసమే మేమున్నది.

ఇదంతా ఎందుకు ఇంత పొడుగు చెప్పానంటే, మా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. మొదటి రోజు క్లాసులో "సార్, మీది ఏ మతం?" అని అడిగింది, అందరూ అడిగేదే. పరీక్ష రాసేటప్పుడు చెబుతాను, ఇప్పుడు చెబితే నాకు నచ్చేట్టు రాస్తావు అన్నాను. ఏడాది తిరిగేసరికి ఆ ప్రశ్న మరిచిపోయింది. విలియం జేమ్స్ అనే అమెరికా తత్వవేత్త 1902 నాటి పుస్తకంలో మార్మిక అనుభవానికి నాలుగు గుర్తులు చెప్పాడు కదా, మాటలకందకపోవడం, ఏదో గట్టిగా తెలిసిందన్న నిశ్చయం కలగడం, ఎక్కువసేపు నిలవకపోవడం, మన ప్రమేయం లేకుండా ముంచుకురావడం అని. ఆ నాలుగూ పట్టుకుని హల్లాజ్ దగ్గరికీ ఉపనిషత్తుల దగ్గరికీ వెళ్ళి, మూడో గుర్తు అద్వైతికి సరిపోదు సార్, జ్ఞానం వచ్చాక పోవడమేంటి అని నన్నే నిలదీసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. సంస్కృతం కొంత ఇంట్లో పట్టుబడింది, సాయంత్రాలు వెళ్ళి అరబీ రెండేళ్ళు నేర్చుకుంది, అనువాదాల మీద ఆధారపడకూడదని. పీహెచ్‌డీకి ఇదే టాపిక్ రాసుకొచ్చింది. గైడ్ ఎవరు? రెగ్యులర్ పోస్టులో ఉన్నవాళ్ళే గైడ్‌గా ఉండాలి, గెస్ట్ ఫ్యాకల్టీకి అర్హత లేదు. ఫిలాసఫీలో ఉన్న ఒక్క సారుకీ సీట్లు నిండిపోయాయి. పోస్టు వస్తుంది, ఒక్క ఏడాది ఆగమ్మా అన్నాను. ఎందుకన్నానంటే మీరు అన్నారు కాబట్టి. ఒక ఏడాది ఆగింది, రెండో ఏడాదీ ఆగింది, మూడో ఏడాది ఇంట్లోవాళ్ళు ఆగలేదు. ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది. పండక్కి ఫోన్ చేసినప్పుడు అరబీ మరిచిపోతున్నాను సార్ అంది. దానికి నేనేం చెప్పాలో మీ పేషీ వాళ్ళు ఒక జవాబు రాసి పంపితే అదే చదివి వినిపిస్తాను, పరిశీలనలో ఉన్నది అని.

మీరు అన్న మాట మీకు గుర్తుందో లేదో. సెప్టెంబర్ ఐదున మా ఆడిటోరియంలో రాధాకృష్ణన్ గారి ఫొటోకి దండ వేసి, ఆయనంతటి తత్వవేత్త మన దేశంలో పుట్టడం మన అదృష్టం అని, వచ్చే సెప్టెంబర్ ఐదుకి ఈ పోస్టుల్లో మనుషులుంటారని, వేదిక మీద నుంచే చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం, నేను కాస్త ఎక్కువే కొట్టాను. సార్, ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా చేసిన ఆ పెద్దాయన 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చున్న కుర్చీ పేరు ప్రాచ్య మతాల, నీతిశాస్త్రాల ఆచార్య పీఠం. అంటే ఇదే సబ్జెక్టు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషనే, డిగ్రీ మూడో ఏట మతతత్వశాస్త్రంలోని ముఖ్య సమస్యలు చదివించాలని రాసింది. ఆ కుర్చీ మీద బూజు, ఫొటో మీద దండ. మీరన్న ఆ సెప్టెంబర్ ఐదు వచ్చి పోయింది, దాని తర్వాతదీ పోయింది. దండలు మాత్రం తప్పకుండా వస్తున్నాయి.

విభాగాలు కలిపిన కమిటీ నోట్‌లో ఇంకో ముక్క ఉందట, ఇది విదేశీ సబ్జెక్టు అని. ఎనిమిదో శతాబ్దంలో హరిభద్రుడు జైనుడై ఉండి బౌద్ధం, న్యాయం, సాంఖ్యం లాంటి దర్శనాలన్నీ వరసగా వివరించి ఒక చిన్న గ్రంథం రాశాడు, చివర్లో దేవుడూ పరలోకమూ లేవనే లోకాయతులకి కూడా చోటిచ్చాడు. పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం మాధవుడనే వేదాంతి పేరు మీద ఉంది, మొదలయ్యేది చార్వాకుడితో, అంటే ఆ లోకాయతుడితోనే. తనకి బొత్తిగా గిట్టనివాడి వాదం ముందు చెప్పి, అంతా అయ్యాక తన మాటకి రావడం, ఆ పద్ధతికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఒక పక్క భారతీయ జ్ఞాన వ్యవస్థలు బోధించండని సర్క్యులర్లు వస్తున్నాయి, ఇంకో పక్క ఆ పని చేసే డిపార్ట్‌మెంట్ గదిలో అక్రిడిటేషన్ ఫైళ్ళు పేర్చారు. మాక్స్‌ముల్లర్ సంపాదకత్వంలో 1879 నుంచి 1910 దాకా వచ్చిన ప్రాచ్య పవిత్ర గ్రంథాల సెట్టు, యాభై సంపుటాలూ, ఆ ఫైళ్ళ వెనక ఉన్నాయి. ఖురాన్ ఉన్న రెండు సంపుటాలూ కావాలంటే 2019 నాటి హాజరు పట్టికలు దింపాలి.

ఉద్యోగాలు రావంటారా, సరే, దానికి నేను వాదించను. మతాల జోలి ఎందుకు, గొడవలవుతాయి అన్నది ఇంకొకరి మాట. పదకొండేళ్ళుగా చెబుతున్నాను, మా క్లాసులో అరుపులు చాలాసార్లు విన్నాను, గొడవ ఒక్కసారీ జరగలేదు. అరిచినవాళ్ళే బయటికెళ్ళి ఒకరి నోట్సు ఒకరు తీసుకునేవాళ్ళు.

అడిగేది కొత్తదేం కాదు. పోస్టు నింపండి. రెండూ కుదరకపోతే ఒకటి నింపండి. గైడ్ లేక ఆగిపోయినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళకైనా ఏదో ఒక దారి చూడండి. గదిలో ఫైళ్ళు తీయించండి. అదీ కాదంటే పోస్టు లేదు, రాదు అని ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వండి, పిల్లలకి ఆగమని చెప్పడం మానేస్తాను. పోస్టు నింపండి సార్, మళ్ళీ రాస్తున్నాను, పోస్టు.

ఫైలు న్యాయశాఖలో, కిటికీ పక్క బీరువాలో కింది అరలో ఉంది. పోయిన వారమే చూసొచ్చాను.

ఇట్లు,
ఒక గెస్ట్ ఫ్యాకల్టీ