ఏటికొప్పాక మిత్రుడికి, పైపు చెక్కడం గురించి

సెయింట్ లూయిస్, మిస్సోరి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి మూడు వారాలయింది. నువ్వు అడిగినవాటిలో రెండింటికి చేత్తో చేసి చూడకుండా జవాబు రాయడం ఇష్టం లేక ఇన్నాళ్ళు ఆగాను. పొగ తాగే అలవాటు లేనివాడివి, పొగాకు పైపులు చెక్కడం ఎందుకు మొదలుపెట్టావని నీ మొదటి ప్రశ్న. నా అలవాటు మారలేదు, మారదు కూడా. అయితే వేసవి సెలవుల్లో మీ ఇంటి అరుగు మీద కూర్చుని, తరిమెన మీద తిరుగుతున్న అంకుడు కర్రకు మీ నాన్నగారు లక్క పట్టిస్తుంటే గంటల తరబడి చూసిన నాకు, చెక్కతో ఏదైనా చెయ్యాలన్న కోరిక అప్పటినుంచే ఉంది. ఇన్నేళ్ళకు అది తీరే దారి ఈ పైపుల రూపంలో దొరికింది.

మా పక్కింటి పెద్దాయన ఒక కర్మాగారంలో లోహపు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన తన గ్యారేజీలో బల్ల వేసుకుని పైపులు చెక్కుతారు. కిందటి శరదృతువులో ఒకనాడు, సగం చెక్కిన పైపును తడిగుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు. తడి తగిలిన చోట చెక్కలోని చారలు మంటల్లాగా నిలువుగా పైకి లేచాయి. అడ్డంగా కోసిన వైపున అవే చారలు పక్షి కళ్ళంత చిన్న చిన్న చుక్కలుగా కనిపించాయి. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉండి, మనం వేసే రంగు కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది కదా. ఈ చెక్క అలా కాదు. వెయ్యవలసిన బొమ్మంతా ముందే తనలో దాచుకుని ఉంది. ఆ రోజే నేర్పమని అడిగాను.

ఆ చెక్క పేరు బ్రయర్. మధ్యధరా సముద్రతీరపు కొండల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు, వేరుకూ కాండానికీ నడుమ, నేలలో ఒక పెద్ద బుడిపె ఊరుతుంది. కార్చిచ్చు వచ్చి పైన ఉన్నదంతా కాలిపోయినా ఆ బుడిపె బతికి ఉండి మళ్ళీ చిగురిస్తుంది. ఇటలీలోని కలాబ్రియా, ఫ్రాన్సుకు చెందిన కోర్సికా ద్వీపం, గ్రీసు, అల్జీరియా వంటి చోట్ల వీటిని తవ్వి తీస్తారు. పగుళ్ళు రాకుండా తడిగా ఉంచి, దిమ్మెలుగా కోసి, లోపలి చేదు రసం దిగిపోయేదాకా గంటల కొద్దీ నీళ్ళలో ఉడికిస్తారు. తరవాత నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి, నీడలో ఆరబెడతారు. గట్టిదనం, వేడికి ఓర్చుకోవడం, తేమను పీల్చుకోవడం మూడూ ఉండటం వల్ల ఫ్రాన్సులోని జూరా కొండల్లో ఉన్న సెయింట్ క్లాడ్ పట్టణం 19వ శతాబ్దపు నడిమి కాలంనుంచి ఈ చెక్క మీదనే పేరు తెచ్చుకుంది. అంకుడుతో పైపు చెయ్యవచ్చా అని అడిగావు. కూడదనే నా అభిప్రాయం. అంత మెత్తని చెక్క లోపలినుంచి మాడిపోతుంది.

ఇంకొక సంగతి నీకు తప్పక నచ్చుతుంది. మా ఊరికి పడమరగా, గంట ప్రయాణం దూరంలో, మిస్సోరి నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న పట్టణం ఉంది. హాలెండునుంచి వలస వచ్చిన హెన్రీ టిబ్బీ అనే తరిమెన పనివాడు అక్కడ 1869లో మొక్కజొన్న బెండ్లతో పైపులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒక రైతు బెండు తెచ్చి, దీన్ని తరిమెన పట్టి ఇవ్వమని అడగడంతో అదంతా మొదలైందని చెబుతారు. ఆ కర్మాగారం ఈనాటికీ నడుస్తోంది. చూసి వస్తున్నంతసేపూ మీ నాన్నగారే గుర్తుకొచ్చారు.

ఇక పని సంగతి. నేర్చుకునేవాళ్ళకు ముందే రంధ్రాలు తొలిచి, నోటి గొట్టం బిగించిన చెక్క దిమ్మె దొరుకుతుంది. నేనూ దానితోనే మొదలుపెట్టాను. పొగాకు నింపే గిన్నెకోసం పైనుంచి దించిన రంధ్రం సుమారు 19 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పొగ వచ్చే దారి 4 మిల్లీమీటర్లు. అది గిన్నెను నోటి గొట్టంతో కలిపే కాడ గుండా సాగి, సరిగ్గా గిన్నె అడుగున, నడిమధ్యకు వచ్చి తెరుచుకోవాలి. అంతకంటే పైన తెరుచుకుంటే అడుగున పొగాకు సరిగా కాలక తడిగా మిగిలిపోతుంది. మొదటి రోజు పెద్దాయన దిమ్మెకు రెండు వైపులా ఈ రెండు రంధ్రాలనూ పెన్సిలుతో గీయించారు. గీసినదాన్ని చూస్తూ ఉండగా, నేను చెక్కబోయేది పైపు ఆకారాన్ని కాదని, ఎవరో ముందే తొలిచిపెట్టిన ఒక ఖాళీ చుట్టూ ఎంత చెక్క మిగల్చాలో తేల్చుకోవడమే నా పని అని అర్థమైంది. గోడ ఎక్కడా 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది ఆయన నాకు పెట్టిన హద్దు.

ఆ గీతలు గీసి కూడా మొదటి పైపును పాడుచేశాను. రంపంతో మూలలు కోసి, ముతక ఆకురాయితో గిన్నెను గుండ్రంగా తెచ్చేసరికి ఉత్సాహం ఎక్కువైంది. కాడ నాజూకుగా ఉండాలన్న తపనలో ఒక పక్కే ఎక్కువ అరగదీశాను. దిమ్మెను ప్రతి రెండు నిమిషాలకూ తిప్పి, నాలుగు వైపులనుంచీ చూడాలని ఆయన చెప్పిన మాటను ఆ అరగంటా మరిచిపోయాను. కొలిచి చూస్తే పొగదారికి ఒకవైపున చెక్క రెండు మిల్లీమీటర్లే మిగిలింది. అది పగలలేదు గాని, వాడటానికి పనికిరాదు. ఇప్పుడు నా బల్ల మీద, కళ్ళెదుట ఉంచుకున్నాను.

ఆకురాయి పని అయ్యాక వచ్చే సాండ్ పేపర్ పని గురించి నీకు వివరంగా రాయాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా నిజానికి అక్కడే ఉంది. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, 320, 400, 600 వరకు వెళ్ళాలి. ప్రతి కాగితం పని ఒక్కటే: ముందు కాగితం వదిలిన గీతలను పూర్తిగా తీసేసి, తనవైన సన్నని గీతలను మిగల్చడం. 220 దశలో ఒక్క లోతు గీత మిగిలిపోతే 600తో రోజంతా రుద్దినా అది పోదు. చుట్టూ నునుపెక్కిన కొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చేతికి మాత్రం ఏమీ తెలియదు. వేలు నునుపనే చెబుతుంది. తరవాత ఆల్కహాలులో కలిపిన రంగు పూసినప్పుడు, ఆ రంగు గీతలోకి దిగి, నల్లని వెంట్రుకలా నిలబడుతుంది. నా రెండో పైపు గిన్నెకూ కాడకూ మధ్య ఉండే వంపులో అటువంటివి ఏడు లెక్కపెట్టాను. రంగంతా తీసేసి, మళ్ళీ 220 దగ్గరికి వెనక్కి వెళ్ళవలసివచ్చింది. అప్పటినుంచి కాగితం మార్చిన ప్రతిసారీ రుద్దే దిశ కూడా మారుస్తున్నాను. కొత్త గీతలు పాతవాటికి అడ్డంగా పడతాయి కాబట్టి, పోనివి ఏవో కంటికి ఆనుతాయి. ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చెయ్యనివ్వరు ఆయన. ఆ దుమ్ము చాలా సన్ననిది.

నోటి గొట్టాన్ని కాడకు బిగించి ఉంచే రెండింటినీ కలిపి రుద్దాలి. విడదీసి రుద్దితే కాడ అంచు గుండ్రమైపోయి, బిగించినప్పుడు ఆ కీలు దగ్గర సన్నని సందు కనిపిస్తుంది. గొట్టం ఎబోనైటుతో చేసింది, అంటే గంధకం కలిపి కాచి గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలితే కొన్నాళ్ళకు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని వంచాలంటే లోపల దూది చుట్టిన తీగ దూర్చి, వేడిచేసి, వంచి, చల్లనీళ్ళలో ముంచాలి. తీగ లేకపోతే దారి నొక్కుకుపోతుంది.

రెండో పైపులోనే ఇంకో కష్టం వచ్చింది. 220 దశలో గిన్నె పక్కన ఆవగింజంత గుంట బయటపడింది. బ్రయర్‌లో ఇటువంటివి పుట్టుకతోనే ఉంటాయట. బయటినుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు. నేను దాన్ని అరగదీస్తూ వెంటపడ్డాను. అది తగ్గకపోగా పక్కన రెండోది తేలింది, గోడ హద్దు దగ్గరపడింది. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆ వైపంతా చిన్న గుండ్రటి ఉలితో చెట్టు బెరడులా గరుకుగా చెక్కించారు. మొదట నాకది తప్పును కప్పిపుచ్చడంలా తోచి బాధ కలిగింది. కాని ఆ గరుకుతనానికి ముదురు రంగు వేసి, నునుపైన వైపును లేతగా ఉంచాక, నేను అనుకున్నదానికంటే ఆ పైపే బాగుందని నిజాయితీగా ఒప్పుకోవాలి. డెన్మార్కులో సిక్స్‌టెన్ ఇవార్సన్ అనే పేరుపడ్డ పనివాడు ముందు ఆకారాన్ని చెక్కి, చారల తీరు చూసుకుని, ఆ తరవాతే రంధ్రాలు తొలిచేవాడని ఆయన ఆ సాయంత్రమే చెప్పారు. ముందే తొలిచిన దిమ్మెతో నాకు ఆ వెసులుబాటు లేదు. ఎన్నేళ్ళకైనా ఆ దశకు చేరాలని ఉంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న: మన లక్క ఎందుకు పట్టించకూడదు? పైపు మెరుపుకు వాడేది కార్నౌబా మైనం. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీస్తారు. 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. తిరుగుతున్న గుడ్డ చక్రానికి మైనపు ముక్కను ఆనించి, ఆ చక్రానికి పైపును ఆనిస్తే, రాపిడి వేడికి మైనం కరిగి కంటికి కనిపించనంత పలుచని పొరగా పరుచుకుంటుంది. లక్క అంతకంటే తక్కువ వేడికే మెత్తబడుతుంది, పైగా మందమైన పొరగా నిలిచి చెక్క రంధ్రాలను మూసేస్తుంది. ఇక్కడ కూడా కొందరు పలుచని లక్క పూత వేస్తారు గాని, చేతిలో వేడెక్కే వస్తువుకు నేను మైనాన్నే ఇష్టపడతాను. కానీ పద్ధతి చూశావా! మీ దగ్గర కర్ర తిరుగుతుంది, లక్క పుల్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ చక్రం తిరుగుతుంది, చెక్క చేతిలో ఉంటుంది. రెండుచోట్లా కరిగించేది రాపిడే. మొదటిసారి చక్రం ముందు నిలబడినప్పుడు ఎంత నొక్కాలో నాకు ఎవరూ చెప్పలేదు, అయినా చెయ్యి తడబడలేదు. మీ అరుగు మీద చూసిన చూపు వృథా పోలేదని ఎంతో సంతోషం కలిగింది.

ఆ రెండో పైపును పెద్దాయనకే ఇచ్చాను. ఆయన మెరుపును చూడలేదు, చారలను చూడలేదు. దూది చుట్టిన తీగ ఒకటి తీసుకుని నోటి గొట్టంలోనుంచి మెల్లగా తోశారు. అది ఎక్కడా తట్టుకోకుండా గిన్నె అడుగున తల బయటపెట్టింది. ఆయన తల ఊపి, పైపును జేబులో పెట్టుకున్నారు.

మూడో దిమ్మె ఇప్పుడు 320 దగ్గర ఉంది. వంపులో ఇంకా గీతలున్నాయో లేవో గ్యారేజీ దీపం కింద తేలడం లేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కిటికీ దగ్గర మాత్రం ఒకటి రెండు కనిపిస్తున్నాయి. లక్క పట్టించేముందు కర్ర నునుపును మీ నాన్నగారు ఏ వెలుతురులో, ఎటు తిప్పి చూసేవారో అడిగి రాయి. మొగలి ఆకుతో మెరుగుపెట్టేటప్పుడు ఆకును ఎండినది వాడతారో పచ్చిది వాడతారో కూడా కనుక్కో. వీలైతే నాలుగు ఆకులు ఎవరైనా ఇటు వచ్చేవారి చేతికిచ్చి పంపు, ఎబోనైటు మీద రుద్ది చూస్తాను.

అమ్మగారికీ నాన్నగారికీ నా నమస్కారాలు.

నీ స్నేహితుడు