సంచుల నుంచి మాసికల దాకా: మన కుట్టుపని సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను ఎన్ని సంచులు కుట్టాం, ఎన్ని దిండు గలీబులు పంచాం అన్న లెక్కతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈసారి ఆ లెక్క లేదు. సంచులు కుట్టడం ఏడాది మధ్యలో ఆపేశాం. ఎందుకు ఆపామో చెబితే గానీ మిగతా పనులు అర్థం కావు కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

మిగిలిపోయిన గుడ్డ ముక్కలతో సంచులు కుట్టి ప్లాస్టిక్ వాడకం తగ్గించాలనుకున్నాం. ఆలోచన మంచిదే. కానీ ముక్కలన్నీ ఒకే మందంలో ఉండవు. పల్చటి దాన్ని మందపాటి దానికి అతికితే బరువు పెట్టగానే కుట్టు దగ్గర చిరుగుతుంది. అందుకని మెల్లగా కొత్త కాన్వాసు తానులు తెప్పించడం మొదలైంది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఆ తర్వాత ఒక సమావేశంలో ఒకావిడ బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే నూలు సంచి వల్ల భూతాపం తక్కువ కావాలంటే, ఆ నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలట. ఇది వాతావరణం లెక్క మాత్రమే. ప్లాస్టిక్ కాలువల్లో అడ్డం పడటం, పశువుల కడుపులోకి పోవడం ఈ లెక్కలోకి రావు. అయినా ఆ రోజు ఇంటికెళ్లి నా దగ్గరున్న గుడ్డ సంచులన్నీ బయటికి తీశాను. సగానికి పైగా ఒక్కసారి కూడా వాడనివే. కుట్టింది మనమే.

ఉన్న కాన్వాసు అయిపోయాక కొత్తది తెప్పించవద్దని తీర్మానించాం. వాదన గట్టిగానే జరిగింది. "సంచులు లేకపోతే ప్రదర్శనలో ఏం పెడతాం?" అని ఒకరు అడిగారు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మోకాలి దగ్గర మాసిక వేసిన పాత ప్యాంటు ముందు ఎవరు ఆగుతారు?

బాగుచేత రోజు

సంచుల స్థానంలో నెలకోసారి బాగుచేత రోజు పెట్టుకున్నాం. ఆలోచన మనది కాదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కెఫేల పద్ధతే ఇది: వస్తువు తెచ్చినవారు పక్కన కూర్చోవాలి, చేతనైనంత తామే చేయాలి. మొదట్లో ఈ నియమం నిలవలేదు. కొందరు బట్టల మూట పెట్టి, "సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం" అని వెళ్లిపోయారు. రెండు నెలలు మొహమాటానికి పోయి మనవాళ్లే కుట్టిపెట్టారు. మూడో నెల నుంచి తెచ్చినవారు కూర్చుంటేనే పని అని గట్టిగా చెప్పేశాం. వచ్చేవాళ్లు తగ్గారు, నేర్చుకునేవాళ్లు పెరిగారు. ఈ మార్పు కొందరికి నచ్చలేదని తెలుసు.

వచ్చిన వాటిలో ఊడిన బొత్తాలు, జిప్పులు, చిరిగిన తొడ భాగాలే ఎక్కువ. జిప్పు పాడైతే మొత్తం విప్పి కొత్తది వేయాలనే అందరూ అనుకుంటారు. చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి, లాగే రన్నరే అరిగి వదులవుతుంది. దాన్ని పటకారతో రెండు పక్కలా కొంచెం నొక్కితే మళ్లీ పట్టుకుంటుంది. మెల్లగా నొక్కాలి, లేకపోతే విరుగుతుంది. అదీ కుదరకపోతే రన్నర్ ఒక్కటీ మార్చుకోవచ్చు. ఈ ఒక్క కిటుకు తెలిశాక బయటపడేయబోయిన బట్టలు ఎన్నో మళ్లీ వాడకంలోకి వచ్చాయి.

ప్యాంట్ల తొడల మధ్య చిరుగు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మనం మొదట వేసిన మాసికలు చాలావరకు నిలవలేదు. చిల్లు ఎంతుంటే అంత ముక్క వేసి చుట్టూ కుట్టేశాం. నాలుగు ఉతుకులకే మాసిక అంచు పక్కనే కొత్త చిరుగు వచ్చింది. కారణం తేలికే: చిల్లు చుట్టూ గుడ్డ కూడా అప్పటికే అరిగి ఉంటుంది, మాసిక లాగుడంతా ఆ బలహీనమైన చోటే పడుతుంది. ఇప్పుడు గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని పల్చబడిన మేరంతా చాక్‌తో గీస్తున్నాం. మాసిక ఆ గీత దాటి గట్టి గుడ్డ మీదికి వెళ్లాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, చతురస్రంగా ఉంటే మూల దగ్గర లాగుతుంది. లోపలి వైపు వేసి, పైనుంచి దగ్గర దగ్గరగా పరుగు కుట్లు వేస్తే అరిగిన పోగులు కూడా పట్టుకుంటాయి. ఇంకా మంచిది చిల్లు పడకముందే, పల్చబడినప్పుడే ఈ పని చేయడం. కానీ చిల్లు కనబడేదాకా మనం చూడం కదా!

అల్లిక గుడ్డ, అంటే టీషర్టుల్లాంటివి, మామూలు సూదితో కుడితే పోగులు తెగి పక్కనే చిన్న చిల్లులు పడతాయి. వాటికి బాల్‌పాయింట్ సూది వాడాలి. దాని మొన గుండ్రంగా ఉండి పోగుల మధ్య దూరుతుంది. జీన్స్‌కు 100 నంబరు, మామూలు నూలు గుడ్డకు 80 సరిపోతాయి. ఈ నంబర్లు సూది మందమే, 80 అంటే 0.8 మిల్లీమీటర్లు. సూది విరిగేదాకా మార్చని అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది అన్నది మంచి కొలత. మొద్దుబారిన సూది గుడ్డనే పాడుచేస్తుంది, అప్పుడు సూదిలో చేసిన పొదుపు ఎవరికి లాభం? పాత సూదులను మూత ఉన్న డబ్బాలో వేసి ఇనుప తుక్కులో ఇస్తున్నాం.

దారం విషయంలో చర్చ తెగలేదు. నూలు దారం మట్టిలో కలుస్తుంది, పాలిస్టర్ దారం కలవదు. కానీ పాలిస్టర్ దారం గట్టిది, కుట్టు ఎక్కువకాలం ఆగుతుంది. నా మటుకు నాకు, లాగుడు పడినప్పుడు ముందు దారమే తెగాలి, గుడ్డ చిరగకూడదు. తెగిన కుట్టు మళ్లీ వేసుకోవచ్చు. అందుకే పల్చటి నూలు బట్టలకు నూలు దారం, ప్యాంట్లకు, బరువు మోసే చోట పాలిస్టర్ వాడుతున్నాను. ఇంట్లో ఉన్న రీళ్లు అయిపోయేదాకా కొత్తవి కొనకూడదన్న దాంట్లో మాత్రం అందరం ఒక్కటే.

మిషన్ల సంగతి. "ఇది ఇక పనిచేయదు, కొత్తది కొనుక్కోండి" అని ఒక మెకానిక్ చెప్పిన మిషన్‌ను ఒక సభ్యురాలు తెచ్చారు. సూది కింది ప్లేటు విప్పితే మందంగా నూగు పేరుకుని ఉంది. అది తీసి, రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేశాక నడిచింది. అన్నీ ఇలా తేలవు. కానీ ముందు ప్లేటు విప్పి చూసేవాళ్లు ఎంతమంది?

ఎరువు గుంతలో తేలిన నిజం

ఈ ఏడాది మన పెద్ద తప్పు ఇది. కత్తిరింపుల్లో మిగిలిన నూలు పేలికలు మట్టిలో కలుస్తాయి కదా అని ఎరువు గుంతలో వేశాం. నెలల తర్వాత తవ్వితే నూలు భాగం చాలావరకు పోయింది. దాంతోపాటు కుట్టిన దారాల వలలు, బొంత దూదిలాంటి ముద్దలు, ఇలాస్టిక్ తీగలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. కొన్ని ముక్కలైతే గుడ్డ రూపంలో అలాగే ఉన్నాయి. "నూలు" అని వేసినవాటిలో పాలిస్టర్ కలిసిన గుడ్డ ఎంత ఉందో అప్పుడు తెలిసింది. ఆ ఎరువును చేతులతో ఏరడానికి మూడు ఆదివారాలు పట్టింది. గుంతలో వేద్దామన్నది నేనే కాబట్టి ఆ మూడు వారాలూ నేనే ఎక్కువ ఏరాను.

ఇప్పుడు అనుమానం వస్తే కాల్చి చూస్తున్నాం. ఒక్క పోగు తీసి, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని పటకారతో పట్టి మంట చూపించాలి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కలిసిన గుడ్డయితే బూడిదలో గట్టి పలుకులు తగులుతాయి. కుట్లు, బొత్తాలు, ఇలాస్టిక్ తీసేసిన, రంగు ముద్రలు లేని నూలు ముక్కలే ఇక గుంతలోకి. మిగతావి తుడిచే గుడ్డలు, కింద కూర్చునే దిండ్లలో కూరడం. తుడిచే గుడ్డలకైనా ఒక హద్దుంటుంది, ఇంటికి ఎన్ని కావాలి?

అందుకే కత్తిరించేటప్పుడే తగ్గించాలని నిర్ణయించాం. సాధారణంగా వస్త్రాలు కత్తిరించేటప్పుడు సుమారు 15 శాతం గుడ్డ ముక్కలుగా పోతుందని అంచనా. ఇంట్లో ఒక్కటే కుడుతుంటే ఇంకా ఎక్కువ పోవచ్చు. ముందు కాగితం ముక్కలన్నీ పరిచి, ఇరుకుగా సర్ది, ఆ తర్వాతే కత్తెర పట్టుకోవాలి. నూలు గుడ్డను కత్తిరించకముందే ఉతికి ఆరేయాలి, లేదంటే కుట్టాక కుంచించుకుపోయి బట్టంతా వృథా. పిల్లల బట్టలకు కింద మడత, పక్కకుట్ల దగ్గర గుడ్డ ఎక్కువ వదిలితే ఒక ఏడాది అదనంగా నడుస్తాయి.

ఉతుకు

నిజానికి బట్టలు వాడకంలో కంటే ఉతుకులోనే ఎక్కువ చెడతాయన్నది ఈ ఏడాది నాకు కలిగిన అనుమానం. వేడి నీళ్లతో ఉతికే మిషన్ ఖర్చుచేసే కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాచడానికే పోతుంది. మామూలు మురికికి చల్లటి నీళ్లు చాలు. రక్తపు మరక మీద వేడినీళ్లు పోస్తే మరక గుడ్డలో పాతుకుపోతుంది కూడా. పాలిస్టర్, నైలాన్, యాక్రిలిక్ బట్టలు ప్రతి ఉతుకులోనూ కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు వదులుతాయి. నీళ్లు ఎక్కువ, బట్టలు తక్కువ ఉంటే రాపిడి పెరిగి ఇంకా ఎక్కువ రాలుతాయి. "డెలికేట్" అన్న సెట్టింగ్‌లో నీళ్లు ఎక్కువ పోస్తారు కాబట్టి ఈ విషయంలో అది మెత్తనిది కాదు, బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో చూపించింది ఇదే. డ్రమ్ము నిండేదాకా ఆగడం మేలు.

ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోగుల మీద పొరలా పేరుకుని తువ్వాళ్లు తడి పీల్చకుండా చేస్తుంది. చాలామంది ఇది వినగానే, "అందుకేనా!" అన్నారు. మరకల్లోని ప్రొటీన్లను విడగొట్టే ఎంజైమ్ డిటర్జెంట్లు చల్లటి నీళ్లలోనూ బాగా పనిచేస్తాయి, కానీ పట్టు, ఉన్ని కూడా ప్రొటీన్లే కాబట్టి వాటికి వద్దు. బ్లీచ్‌లో వెనిగర్ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. డ్రయ్యర్‌లో తేలే నూగు చెత్త కాదు, మన బట్టే. రంగు బట్టలు తిరగేసి నీడలో ఆరేస్తే చాలు.

ఒక సమావేశంలో బట్టల లేబుళ్ల మీది గుర్తులు చెప్పే పోటీ పెట్టాం. తొట్టె, ఇస్త్రీ పెట్టె అందరూ చెప్పారు. త్రికోణం బ్లీచ్ అని కొందరికే తెలిసింది. చతురస్రంలో వృత్తం డ్రయ్యర్, ఒట్టి వృత్తం వృత్తిపరంగా శుభ్రం చేయించేది అని ఒక్కరూ చెప్పలేకపోయారు. నేను కూడా ముందురోజు చూసుకుని వచ్చాను.

ఇదంతా చిన్న పనిలా కనబడొచ్చు. వనరుల వృథా తగ్గించడానికి పనిచేసే బ్రిటన్‌లోని వ్రాప్ సంస్థ 2012లో వేసిన లెక్క ప్రకారం బట్టను ఇంకో 9 నెలలు ఎక్కువగా వాడితే దాని కార్బన్, నీళ్లు, వ్యర్థాల భారం 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుంది. ఒక మాసికకు 9 నెలలు ఆగడం పెద్ద కష్టమేమీ కాదు, సరిగ్గా వేస్తే.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచుతారు. కాన్వాసు ఖర్చు తగ్గింది, సూదుల ఖర్చు పెరిగింది. వచ్చే ఏడాది అరిగిన కాలర్లను విప్పి తిరగేసి కుట్టడం, ఉన్ని బట్టల రఫూ నేర్పించాలని అనుకుంటున్నాం. రఫూ బాగా తెలిసినవారు సంఘంలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ చూపు తగ్గుతోంది. నేర్చుకోవాలనుకునేవారు ఆలస్యం చేయకండి. సంఘం పెద్ద కత్తెర, రెండు కుట్టు విప్పే పరికరాలు ఎవరి ఇంట్లోనో ఉన్నాయి. వచ్చే బాగుచేత రోజుకు తెచ్చి ఇవ్వగలరు. ఆ కత్తెరతో కాగితాలు కత్తిరించి ఉంటే మాత్రం, దయచేసి సాన పట్టించి తీసుకురండి.

— కార్యదర్శి